వినిపిస్తే చెయ్యెత్తండి

అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. తప్పులుంటే సరిచేసుకోండి, నెమ్మదిగా సాగితే ఓపిక పట్టండి.

ఆ ఉదయం కోడలి ఆలోచన ఒక్కటే. వేరు కాపురానికి చూసుకున్న ఇల్లు ఖాయం చేసి రావాలి. వంటగది పక్క చిన్న గది సామాన్లకు సరిపోతుందని అత్తగారి ఎదుటే మొగుడితో చెప్పింది. మామగారు పోయినప్పటి నుంచీ ఆవిడకు చెవుడు. ఆవిడ ముందు మాట గోడతో చెప్పుకున్నట్టే.

బయల్దేరేలోగా ఆవిడ కొడుకు, కొత్తగా తెచ్చిన పాత కంప్యూటరు ఆన్ చేశాడు. చెవుల ఆసుపత్రి ఒకటి మూతబడితే అమ్మేసిన సరుకది. డిస్కు కనబడితే దానంతటదే మోగాలా, ఊరుకోవాలా అని తెర అడిగింది. ఏ ప్రశ్నకైనా మొదటి జవాబు నొక్కడం అతని అలవాటు. నొక్కాడు.

బయట ముసురు. గదిలో ఒక ఆడగొంతు పలికింది: "వినిపిస్తోందా? వినిపిస్తే చెయ్యెత్తండి."

పరాయి మనిషి ఎవరూ లేరు. కోడలు తలుపు వెనక కూడా చూసింది. గొంతు మళ్ళీ అదే అడిగింది, కాస్త దూరం జరిగినట్టు. గిన్నెలు తోముతున్న పనిమనిషి సబ్బు చెయ్యి ఎత్తి, దించకుండానే వీధిలోకి నడిచిపోయింది. కొడుకు కంగారులో స్పీకరు తీగనుకుని ఫ్యాను తీగ పీకాడు. ఫ్యాను ఆగి, గొంతు ఇంకా స్పష్టమైంది.

"మామయ్యగారు ఎవర్నో పంపించారేమోనండీ."

"నాన్న అడిగించే రకమా? నేరుగా అరిచేవాడు."

అన్నాడేగానీ, ఎందుకైనా మంచిదని ఇద్దరూ చేతులెత్తారు. గొంతు గోడ అవతలికి పోయింది, ఆపైన గోడలోకే ఇంకిపోయింది. ఇక వాన చప్పుడే. చేతులు దించి వెనక్కి తిరిగారు.

కుర్చీలో అత్తగారు. రెప్ప వేయకుండా కంప్యూటరునే చూస్తున్నారు. ఆవిడ చెయ్యి మెల్లగా లేచింది, దిగింది. ఏమీ వినబడని ఆ గదిలో మళ్ళీ లేచింది.

కోడలు మొగుడి వెనక్కి జరిగింది. అప్పుడు కొడుక్కి కంప్యూటరు మీద మిణుకుమనే దీపం కనిపించింది. బిగుసుకున్న అరను పిన్నుతో పొడిస్తే డిస్కు బయటికొచ్చింది. దాని మీద 'వినికిడి పరీక్ష' అని ఉంది. ఇంకెప్పుడూ దానంతటది మోగకుండా తెర మీద జవాబు మార్చి, నవ్వబోయి ఆగిపోయాడు.

"ఈ పరీక్షలో గొంతు అంతకంతకూ తగ్గుతుంది. చివరి మాటలు చాలా మంచి చెవులకే వినబడతాయే," అన్నాడు.

ఇద్దరూ మెల్లగా అత్తగారి వైపు తిరిగారు.

"చెయ్యి దించొచ్చా?" అన్నారావిడ. "చెవులున్నన్నాళ్ళూ నాకెవరూ ఏదీ చెప్పలేదమ్మా. పోయాయన్నాక అన్నీ తెలిశాయి."

ఇట్లు,
చెవిటి అత్తగారు, డెబ్బై ఒక్కేళ్ళు,
ప్రస్తుతం కొత్తింట్లో వంటగది పక్క గది.