సంజీవరావు చాసీ ఎక్కిన రోజు

ఆ సోమవారం ఉదయం సంజీవరావు చేయదలచుకున్న పని చిన్నదే. షెడ్డులో వాళ్ళందరినీ పిలిచి తన లోపం ఒకటి ఒప్పుకోవాలి. ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టి పేరు తెచ్చుకున్నాడు గాని, ఆయనకు లారీ నడపడం రాదు. ఇన్నేళ్ళూ ఆ సంగతిని నడుంనొప్పి చాటున దాచాడు. యజమాని తన బలహీనత దాచుకోకపోతే పనివాళ్ళకు దగ్గరవుతాడని వ్యాపారుల సభలో ఎవరో ఉపన్యసించారు. చెప్పినవాడి మనసు తేలికవుతుందని కూడా అన్నారు. విన్నవాళ్ళ మనసు ఏమవుతుందో అనలేదు.

"నాకు లారీ నడపడం రాదయ్యా. మీ దగ్గర దాచడం ఇష్టంలేక చెబుతున్నా" అన్నాడు సంజీవరావు మెత్తగా.

అంతవరకూ ఆయన అరవకుండా మాట్లాడింది లేదు. వడ్రంగి మేస్త్రి కృపానందానికి మాటలకంటే ఆ గొంతే మనసులో నిలిచిపోయింది. వాళ్ళ నాన్న కూడా పోయేముందు ఇలాగే మెత్తబడ్డాడు.

"రాకపోవడమేంటి. డాక్టరు తోలొద్దనుంటాడు. గుండె" అన్నాడు కృపానందం, పెయింటరు కాశింతో.

మధ్యాహ్నానికి, ఆ చప్పుడు గుండెకు మంచిది కాదని సుత్తులు ఆగిపోయాయి. కాశిం తాయెత్తు తెచ్చి కట్టాడు. కృపానందం ప్రార్థన పెట్టించాడు. తనకేమీ లేదని సంజీవరావు ఎంత మెత్తగా చెబితే జబ్బు అంత ముదిరింది. భార్య రామతులసి ఉప్పులేని పప్పుతో క్యారేజీ పట్టుకొచ్చింది.

"లారీ సంగతి నాకు తెలుసు. గుండె సంగతే నాకు చెప్పలేదు" అంది.

మర్నాడు జబ్బు కబురు విని, మైలవరం నుంచి లారీల ఓనరు హుమాయూన్ వచ్చాడు. షెడ్డులో బాడీ కోసం నిలిపిన చాసీలు, అంటే ఇంజనూ చక్రాలూ మాత్రమే ఉన్న బళ్ళు, అన్నీ ఆయనవే. అవి పోతే షెడ్డుకు పనే లేదు.

"రేపు మీకేదైనా అయితే ఇక్కడ తాళం పడుద్దండీ. నా బళ్ళు లోపలుండిపోతాయి. తీసుకెళ్ళిపోతాను."

"నాకే జబ్బూ లేదు."

"అయితే ఒకటి తోలి చూపించండి."

అందరూ చూస్తున్నారు. సంజీవరావు తాయెత్తు సవరించుకుని, సీటు బదులు చెక్కపెట్టె బిగించిన చాసీ ఎక్కాడు. తాళం తిప్పాడు. చాసీ ఒక్క గెంతు గెంతి, ఆయన ఆఫీసుగది గోడ కూల్చి, బల్ల దగ్గర ఆగింది. చాసీకి గీత పడలేదు.

దుమ్ములోంచి గొంతు వచ్చింది. "గేరులో పెట్టి వదిలిన దున్నపోతెవడ్రా?"

కృపానందం దేవుడికి స్తోత్రం చెప్పి సుత్తి అందుకున్నాడు. హుమాయూన్ కూలిన గోడనూ, దాని మధ్య నిలబడి అరుస్తున్న మనిషినీ కాసేపు చూశాడు.

"నిజంగానే తోలడం రాదన్నమాట" అన్నాడు కాశింతో, స్థిమితపడి. చాసీలు అక్కడే వదిలి, మైలవరం బస్సు ఎక్కాడు.

మర్నాడు క్యారేజీలో పప్పుకు ఉప్పు సరిపోయింది.