నీడ ఉన్నవాళ్లకే ఎండ

అనగనగా అనేంత పాత సంగతేం కాదు, మొన్నమొన్నటిదే. ఒక పెద్ద అడవిలో ఎండ అందరికీ ఒకేలా పడేది కాదు.

గుట్టమీద, పచ్చిక బయళ్లలో ఉండేవాళ్లకు పొద్దు పొడిచింది మొదలు కుంకే దాకా ఎండే ఎండ. వాళ్లు ఎప్పుడో తలా ఒక సోలార్ పలక పెట్టుకుని, దీపాలు వెలిగించుకుని, ఫ్యాన్ల కింద కునుకు తీస్తున్నారు. పొదల్లో, బొరియల్లో ఉండేవాళ్లకు చెమ్మే చెమ్మ. వాళ్లూ పలకలు పెట్టి చూశారు. పలకలమీద పుట్టగొడుగులు మొలిచాయి.

ఆ పొదల్లోనే, గుబురు వెదురు కింద, నేలమీదే గూడు కట్టుకునే కంజుపిట్ట సూరమ్మ ఉండేది. ఒంటరిది. మేతకని కాసేపు బయటికి పోయి వచ్చేసరికి పోయినసారి పెట్టిన గుడ్లు చెమ్మకు చల్లబడిపోయి చెడిపోయాయి. ఒక్కటీ పిల్ల కాలేదు. మళ్లీ గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడుతుంటే ఆమెకు తిండి సయించడం లేదు.

"చిన్న బల్బు ఒక్కటి ఉంటే చాలు పిన్నీ," అనేది పక్క బొరియలోని ముళ్లపంది అంకమ్మతో. "నేను మేతకు పోయినప్పుడు గుడ్లకు వెచ్చగా ఉంటుంది."

సరిగ్గా అప్పుడే పంచాయతీ వాళ్లు చాటింపు వేయించారు. నల్లగుట్ట నెత్తిన పంచాయతీయే పెద్ద పెద్ద సోలార్ పలకలు పెడుతుందట. ఇంట్లో ఎండ పడనివాళ్లు వాటిలో వాటా తీసుకోవచ్చట. పలక గుట్టమీదే ఉంటుంది, కరెంటు ఇంటికొస్తుంది. నెలనెలా చందా కడితే చాలు, అదీ సగానికి సగం పంచాయతీయే భరిస్తుంది.

నిజం చెప్పాలంటే పథకం మంచిదే. దాన్ని జనానికి అందించే సాయం దగ్గరే తేడా వచ్చింది.

సాయం బాధ్యతను సర్పంచి మైసయ్య తన కార్యదర్శికి అప్పగించాడు. మైసయ్య అడవిదున్న. ఏ కాగితం ముందు పెట్టినా తల ఊపేవాడు. కార్యదర్శి శ్వేతాంబరం కొంగ. ఒంటికాలిమీద నిలబడి, కళ్లు మూసుకుని, అడవి మేలు గురించి ఆలోచిస్తున్నట్టు కనిపించేవాడు.

శ్వేతాంబరం ముందుగా అవగాహన సదస్సు పెట్టాడు. మిట్టమధ్యాహ్నం, పచ్చిక బయలు నడిమధ్యన. నీడలో ఉండే గుడ్లగూబలు, గబ్బిలాలు ఆ వేళకు గాఢనిద్రలో ఉన్నాయి. వచ్చిందంతా గుట్టమీది కోతులు, గద్దలు. మైకులో నీడవాసుల కష్టాలు చెబుతుంటే వాళ్లంతా చప్పట్లు కొట్టి, రేగుపళ్లు తిని పోయారు.

తరువాత సహాయ కేంద్రం తెరిచాడు. కొలను నడుమ ఉన్న బండమీద. "అందరికీ కనబడాలి కదా," అన్నాడు. కనబడింది. ఈత రానివాళ్లందరూ గట్టుమీద నిలబడి చూశారు.

సూరమ్మ గట్టునుంచే అరిచింది. "అయ్యా! నాకో వాటా కావాలి!"

"తప్పకుండానమ్మా! మీకు సాయం చేయడానికే కదా మేమున్నది!" అని అక్కణ్ణుంచే జవాబిచ్చాడు శ్వేతాంబరం. "ముందు మీ ఇంట్లో ఎండ పడదని మా ఇన్‌స్పెక్టరు చూసి చెప్పాలి."

ఇన్‌స్పెక్టరు రంగనాయకులు. ఊసరవెల్లి. ఎవరి పక్కన నిలబడితే వాళ్ల రంగులోకి తిరగడం అతని ఉద్యోగ ధర్మం. ఒక మధ్యాహ్నం సూరమ్మ గూటికొచ్చి, ఒక కంటితో పైకి, ఇంకో కంటితో కిందికి చూశాడు. వెదురాకుల సందులోంచి దిగిన వెలుగు రేగుపండంత మేర నేలమీద పడి ఉంది.

"ఇదేంటి?"

"అది ఎండ ముక్కయ్యా. రెప్పపాటు ఉండి పోతుంది."

"ముక్కైనా ఎండ ఎండే కదమ్మా!"

సూరమ్మ గబగబా వెళ్లి ఆ ముక్కమీద కూర్చుంది. "ఇప్పుడు చూడండి. ఎక్కడుంది?"

"ఎండను దాచిపెడుతున్నావన్నమాట," అన్నాడు రంగనాయకులు, మట్టిరంగుకు తిరుగుతూ. "ఇది ఇంకా పెద్ద తప్పు. నీకు వాటా రాదు."

అంకమ్మకు ఒళ్లు మండి ముళ్లు నిక్కబొడుచుకున్నాయి. ఇన్‌స్పెక్టరు ఆమె బొరియను మాత్రం పరీక్షించకుండానే వెళ్లిపోయాడు.

ఇటు గుట్టమీద ఇంకో కథ నడుస్తోంది. సగం చందా పంచాయతీ కడుతుందన్న మాట చెవినపడ్డాక గద్ద గరుడాచలానికి కునుకు పట్టలేదు. సొంత పలక ఉంది, దీపం ఉంది, ఫ్యాను కూడా ఉంది. అయినా పక్కవాడికి సగం ధరకు వచ్చేది తనకు రాకపోతే ఎలా? తిన్నగా కొలను దగ్గరికి ఎగిరొచ్చాడు.

"కార్యదర్శీ, నా ఇంట్లో నీడ లేకపోవడం నా తప్పా?"

"మీ తప్పెలా అవుతుంది సార్!"

"మరి దానికి నన్నెందుకు శిక్షిస్తున్నారు?"

శ్వేతాంబరం రెండో కాలు కూడా కింద పెట్టి ఆలోచించాడు. "నీడ లేకపోతే తెచ్చుకోవచ్చు సార్. మా బావమరిది తిప్పతీగ మొక్కలు ఇస్తున్నాడు. వాన పడితే చాలు, ఇల్లంతా కప్పేస్తుంది."

గరుడాచలం పెద్దగా నవ్వాడు. "అంటే, కరెంటు తీగ రావాలంటే ముందు తిప్పతీగ పెంచాలన్నమాట!"

ఆ మాట గుట్టంతా పాకింది. గద్ద నాటాడని కోతులు నాటాయి. కోతులు నాటాయని నెమళ్లు నాటాయి. చివరికి సర్పంచి మైసయ్య కూడా తన కొట్టం చుట్టూ ఒత్తుగా నాటించాడు. శ్వేతాంబరం బావమరిది ఒక్కో మొక్కకు ఒక్కో చేప తీసుకుని, కొద్దిరోజుల్లోనే ఎగరలేనంత లావయ్యాడు.

రెండు మంచి వానలు పడ్డాయి. తీగలు దట్టంగా అల్లుకున్నాయి. రంగనాయకులు ఇంటింటికీ వెళ్లాడు. ఆకుల మధ్య నిలబడగానే ఆకుపచ్చగా మారిపోయి, "ఆహా, ఏం నీడ! ఏం చీకటి! ఎలా బతుకుతున్నారండీ ఇక్కడ?" అని జాలిపడ్డాడు. వాటాలన్నీ వాళ్లకే వెళ్లాయి.

సూరమ్మ ఈలోగా గుడ్లు పెట్టింది. మేతకు పోతే గుడ్లు చల్లబడతాయని భయం, పోకపోతే ఆకలి. కూర్చునీ కూర్చునీ చిక్కి సగమైంది.

అప్పుడు ఇంకో పిడుగు పడింది. పథకం ప్రారంభించడానికి పెద్దపులి దొర వస్తున్నాడు. దొర వంకర దారిలో నడవడు. వాగునుంచి నల్లగుట్ట దాకా తిన్నని బాట వేయాలి. ఆ తిన్నని బాటకు అడ్డంగా ఉన్నది ఒక్కటే, సూరమ్మ ఉండే వెదురు గుబురు.

ఏనుగులు వచ్చి వెదురును వేళ్లతో సహా పీకడం మొదలుపెట్టాయి. నేల అదురుతోంది. సూరమ్మ గుడ్లమీద రెక్కలు పరిచి, కళ్లు మూసుకుని కూర్చుంది. పైనుంచి ఒక పెద్ద పాదం దిగుతోంది.

"ఆగు!" అని అరిచింది అంకమ్మ, ముళ్లన్నీ విప్పి అడ్డంగా నిలబడి. "కింద గుడ్లున్నాయి, కనబడటంలా?"

పాదం గాల్లోనే ఆగింది. ఆ ముసలి ఏనుగు వంగి చూసింది. "నాకు బాట వెడల్పు చెప్పారుగానీ గుడ్ల సంగతి చెప్పలేదు తల్లీ," అంది నొచ్చుకుంటూ. పాదం ఒక పక్కకు పెట్టి, గూడున్న చోటు వదిలేసి, బాటను కాస్త జరిపి ముందుకు పోయింది. దొర నడిచే బాటలో అదొక్కటే వంకర.

సాయంత్రానికి వెదురు లేదు. నెత్తిమీద ఆకు అన్నది లేకుండా, నేలమీద బోసిగా గూడు. సూరమ్మ ఏడ్చింది. "నీడా పోయింది, చాటూ పోయింది పిన్నీ. రేపు గద్ద చూశాడంటే నా బతుకు ఆఖరు."

"నేనున్నాగా," అని అంకమ్మ ఆ పక్కనే పడుకుంది.

తెల్లారింది. ఆ చోట ఎన్నడూ పడని ఎండ నిండుగా వచ్చి గూటిమీద పడింది. చెమ్మ ఆరింది. నేల వెచ్చబడింది. సూరమ్మ భయంభయంగా గుట్టవైపు చూసింది. గద్ద జాడే లేదు. తిప్పతీగ పరదాల వెనక కూర్చున్న గరుడాచలానికి తన ముక్కు కొసే సరిగా కనబడటం లేదు. ఇంక నేలమీది పిట్టేం కనబడుతుంది!

సూరమ్మ చాన్నాళ్ల తరువాత కడుపు నిండా మేత తిని వచ్చింది. వచ్చి గుడ్లు తాకి చూసింది. వెచ్చగా ఉన్నాయి.

ప్రారంభోత్సవం రోజు రానే వచ్చింది. దొర వచ్చాడు, దండలు వేయించుకున్నాడు, ప్రసంగం చేశాడు, స్విచ్చి నొక్కాడు.

ఏమీ వెలగలేదు.

మళ్లీ నొక్కాడు. మైసయ్య కూడా నొక్కాడు. శ్వేతాంబరం ముక్కుతో పొడిచాడు. అప్పుడు అందరూ తలెత్తి చూశారు. నల్లగుట్ట నల్లగా లేదు, పచ్చగా ఉంది. కోతులు నాటిన తీగలు ఇళ్లు దాటి, గుట్ట ఎక్కి, పంచాయతీ పలకలన్నింటినీ కప్పేశాయి.

"పలకలెక్కడ?" అని గాండ్రించాడు దొర.

అందరూ ఒకరి వెనక ఒకరు నక్కారు. పచ్చటి గుట్టవైపు చూస్తూ చూస్తూ తానూ పచ్చబడిన రంగనాయకులు ఒక్కడే అన్నాడు. "దొరా, ఆ పచ్చదనం చూడండి!"

దొర చూశాడు. మీసం దువ్వాడు. "బాగుంది," అన్నాడు. ఆ ఏటి ఉత్తమ హరిత పంచాయతీ బహుమతి అక్కడికక్కడే ప్రకటించి వెళ్లిపోయాడు.

బహుమతి వచ్చింది గానీ కరెంటు రాలేదు. పైగా గుట్టమీదివాళ్ల సొంత పలకలూ తీగల కిందే ఉండిపోయాయి. బహుమతి ఇచ్చింది పచ్చదనానికి కాబట్టి, ఒక్క ఆకు తుంచినా నేరమని పంచాయతీయే ఆర్డరు వేసింది. గరుడాచలానికి దగ్గు పట్టుకుంది. మైసయ్య కొట్టంలో కాళ్ల కింద నాచు పెరిగింది. చీకట్లో తన గోడను తానే కుమ్మి ఒక కొమ్ము విరగ్గొట్టుకున్నాడు.

ఒక ఉదయం మైసయ్య వణుకుతూ బయటపడి, అడవంతా వెతికి, ఎండ ఉన్న చోటు కనిపెట్టాడు.

"సూరమ్మా, కాస్త చోటిస్తావా?"

సూరమ్మ గూట్లో అప్పటికే పెంకులు పగిలాయి. పిల్లలు బొంగరాల్లా తిరుగుతున్నాయి. ఆమె వాటిని దగ్గరికి లాక్కుని పక్కకు జరిగింది. మర్నాడు కోతులొచ్చాయి. ఆ మర్నాడు నెమళ్లొచ్చాయి. గద్ద కూడా దగ్గుతూ వచ్చాడు గానీ, అంకమ్మ ముళ్లు చూసి దూరంగానే కూర్చున్నాడు.

ఇంతమంది ఒకచోట చేరాక కార్యదర్శి రాకుండా ఉంటాడా? శ్వేతాంబరం వచ్చి ఒంటికాలిమీద నిలబడి ప్రకటించాడు. "ఈ చోటును ఉమ్మడి ఎండ కేంద్రంగా పంచాయతీ గుర్తించింది. ఇక్కడ కూర్చునేవాళ్లంతా చందా కట్టాలి. సూరమ్మా, ముందు నీతోనే మొదలుపెడదాం."

సూరమ్మ పిల్లల్ని రెక్కల కిందకు తీసుకుంది. "కట్టడానికి నాకేం అభ్యంతరం లేదయ్యా," అంది నెమ్మదిగా. "కానీ ఈ పథకం ఎండ లేనివాళ్లకని కదా మీరు చెప్పింది? నాకు ఎండ ఉందని మీ ఇన్‌స్పెక్టరు ఎప్పుడో తేల్చేశాడు."

శ్వేతాంబరం రెండో కాలు కూడా కింద పెట్టాడు. మైసయ్య కళ్లు సగం మూసుకుని నెమరేస్తూ, అలవాటు కొద్దీ తల ఊపాడు.

"అవునవును. ఆవిడకు వాటా రాదు," అన్నాడు. "మనమే కట్టాలి."

నీతి: సర్కారు పథకం మన ఇంటికి రావాలని కోరుకోకూడదు, మన ఇంటిమీదుగా పోవాలని కోరుకోవాలి.