తువ్వాలు కింద లెన్సు

ఆదివారం పొద్దున్నే కాఫీ తాగి, మామగారి మామిడితోటకు వెళ్ళి, ఒక్క సీతాకోకచిలుకను ఫోటో తీసుకుని, భోజనం వేళకు ఇల్లు చేరాలని సుబ్రహ్మణ్యం అనుకున్నాడు. చూడటానికి ఇందులో ప్రమాదకరమైనదేమీ లేదు. అతని పథకాలన్నీ చూడటానికి ఇలాగే ఉంటాయి.

సుబ్రహ్మణ్యం నూజివీడులో ఒక కాలేజీలో జువాలజీ లెక్చరరు. సీతాకోకచిలుకలంటే ప్రాణం. నల్లబల్ల మీద అతను సుద్దముక్కతో వేసిన సీతాకోకచిలుకను చూస్తే, ఎగిరిపోతుందేమో అనిపిస్తుంది. ఫోటోలో అయితే నిజంగానే ఎగిరిపోతుంది. మూడేళ్ళుగా తీసిన ఫోటోలన్నీ ఒక ఆల్బంలో అంటించుకున్నాడు. వాటిలో పువ్వులున్నాయి, ఆకులున్నాయి, ఒకదాంట్లో గేదె తోక కూడా ఉంది. ప్రతి ఫోటో కిందా "ఇక్కడ సీతాకోకచిలుక ఉండేది" అని తన గుండ్రటి దస్తూరీతో తానే రాసుకున్నాడు. ఇంకొకరు ఎగతాళి చేసేలోగా మనమే చేసుకుంటే నొప్పి తక్కువని అతని నమ్మకం.

"తప్పు నాది కాదు, లెన్సుది," అన్నాడు శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర భార్య సుభద్రతో. "మామూలు లెన్సుతో దగ్గరగా తీస్తే మసగ్గా వస్తుంది. మాక్రో లెన్సు కావాలి. జోజిబాబు స్టూడియోలో రెండు రకాలున్నాయిట. ఆదివారం వాడి చూడమన్నాడు. ఒకటి ఎంచుకోవాలి."

సుభద్ర అతని కంచంలో పెరుగు వేస్తూ ఆలోచించింది. "ఎంచుకోండి. కానీ ఒక్క మాట. ఆదివారం సాయంత్రానికి సీతాకోకచిలుక కనిపించే ఫోటో ఒక్కటంటే ఒక్కటి నాకు చూపించాలి. చూపిస్తే లెన్సు కొనుక్కోండి, నేను కిక్కురుమనను. చూపించలేకపోతే ఆ కెమెరా జోజిబాబుకే అమ్మేసి, నాకు కుట్టుమిషను కొనిపెట్టాలి."

"రెక్కలన్నీ కనబడాలా?"

"నాలుగూ కనబడాలి. నాలుగుంటాయని పిల్లలకి చెప్పేది మీరే కదా!"

మర్నాడు కాలేజీ నుంచి తిన్నగా జోజిబాబు స్టూడియోకు వెళ్ళాడు. జోజిబాబు బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, దాని మీద రెండు లెన్సులు పెట్టాడు.

"చూడండి మాస్టారూ, ఇది యాభై మిల్లీమీటర్లది. తేలిగ్గా ఉంటుంది. కానీ దాని మొహంలో మొహం పెట్టి తియ్యాలి. ఇది వంద. కాస్త ఎడంగా కూర్చునే తియ్యొచ్చు. కానీ బరువు. చెయ్యి వణికిందా, పోయిందే."

"దగ్గరికెళ్తే నన్ను చూసి అవి ఎగిరిపోతాయి, దూరంగా ఉంటే నా చెయ్యి వణుకుతుంది," అన్నాడు సుబ్రహ్మణ్యం. "రెండూ నన్ను దృష్టిలో పెట్టుకునే తయారు చేసినట్టున్నారయ్యా."

"రెండూ పట్టుకెళ్ళండి. రేపు సాయంత్రం ఒకటి వెనక్కి తెచ్చేద్దురు గాని. లోపల దుమ్ము మాత్రం పడనివ్వకండి."

"తోటలో దుమ్ము పడకుండా ఎలా మార్చేది?"

"ఒళ్ళో తువ్వాలు కప్పుకుని, దాని కింద చేత్తో తడుముకుంటూ మార్చెయ్యడమే. పెళ్ళిళ్ళలో రీలు ఇరుక్కుంటే నేను చేసే పని అదే."

ఆ సలహా మంచిదే. జోజిబాబుకు గాని, సుబ్రహ్మణ్యానికి గాని మామిడికాయల వ్యాపారం తెలియకపోవడమే వచ్చిన చిక్కు.

ఆదివారం పొద్దున తోట గేటు దగ్గర మామగారు వెంకటరమణ ఇస్త్రీ చొక్కాతో, కొబ్బరిబొండాల గెలతో నిలబడి ఉన్నాడు. అల్లుణ్ణి చూడగానే ఆయన ముఖం కాస్త వాడింది.

"అల్లుడుగారూ, ఇవాళ మైలవరం నుంచి శ్రీరాములుగారు కాపు బేరానికి వస్తున్నారండీ. మీరలా వెనక కలెక్టరు రకం మామిళ్ళ వైపు వెళ్ళండి. ఎవరు పలకరించినా నోరు మాత్రం తెరవకండి."

ఆయన భయానికి కారణం ఉంది. కిందటేడు ఇదే రోజుల్లో ఒక వ్యాపారి "కాపు ఎలా ఉందండీ?" అని మర్యాదకు అడిగితే, సుబ్రహ్మణ్యం చెట్టు కట్టిన పిందెల్లో చాలా భాగం రాలిపోవడం ప్రకృతి ధర్మమని సోదాహరణంగా వివరించాడు. ఆ వ్యాపారి నమస్కారం పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. చెప్పింది శాస్త్రప్రకారం నిజమే. మామగారికి కోపం వచ్చింది కూడా అది నిజం కావడం వల్లే.

సుబ్రహ్మణ్యం నోరు తెరవనని తల ఊపి, వెనక్కి వెళ్ళాడు. పిందెలు గోలీకాయలంత ఉన్నాయి. అతని కన్ను మాత్రం మామిడాకు తిని పెరిగే ఒక గోధుమరంగు సీతాకోకచిలుక మీద ఉంది. దానికి కుళ్ళిన పండంటే మహా ఇష్టం. అందుకని బాగా మగ్గిన అరటిపండును బెల్లంపాకంలో పిసికి, చెట్టు మొదట్లో పెట్టాడు. పాకం సగం అతని చొక్కాకే అంటింది. మొదట యాభై లెన్సు బిగించి, పొట్ట మీద పాకుతూ దగ్గరికి వెళ్ళాడు. అతని కంటే ముందు అతని ఊపిరి వెళ్ళింది. సీతాకోకచిలుక లేచిపోయింది.

పోనీ గొంగళిపురుగైనా దొరుకుతుందేమో, అది ఎగరలేదు కదా అని, లెన్సు ముందుకు చాచి కొమ్మకొమ్మా వెతికాడు. ఆకులు తిరగేసి చూశాడు. పిందెల గుత్తుల మధ్యకు తొంగి చూశాడు. అప్పుడు అటుగా ఎండాకులు ఊడ్చుకుంటూ కనకమ్మ వచ్చింది. ఆ తోటలో చాలాకాలంగా పని చేస్తున్న మనిషి.

"పొద్దుణ్ణించీ అద్దమెట్టి ఏం సూత్తన్నారండీ, అల్లుడుగోరూ?"

మామగారి మాట గుర్తొచ్చి, సుబ్రహ్మణ్యం పెదవుల మీద వేలు పెట్టి చూపించాడు. కనకమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. ఇది గుట్టుగా జరుగుతున్న పని అని అర్థం చేసుకుని, చీపురు బుజాన వేసుకుని, ఆ గుట్టు ఎవరికి చెప్పాలా అని బయలుదేరింది.

ఆమెకు ఎదురైనవాడు శ్రీరాములే. రోడ్డుకు అడ్డంగా ఎవరిదో లారీ దిగబడిపోయిందని ఆయన జీపును డొంకదారి పట్టించి, వెనక వైపు నుంచి తోటలోకి దిగాడు. మామిడికాపు బేరాల్లో తల పండిన మనిషి. ఎదుటివాడి తోటలో ఏముందో వాడికంటే తనకే బాగా తెలుసునని ఆయన ధైర్యం.

"అల్లుడుగోరు పెద్ద సదువు సదివారండీ," అంది కనకమ్మ. "ఒక్కో పిందే అద్దంలో సూత్తన్నారు. ఆకు కింద కూడా వదలట్లేదండి. మాటాడొద్దన్నారు."

శ్రీరాములు కండువా సర్దుకున్నాడు. ఆయన ధైర్యంలో కొంచెం అక్కడే జారిపోయింది. కాపు ఎంతుందో తానొక్కడే చూపుతో కట్టే లెక్కను, ఎవడో అద్దం పెట్టి పిందెపిందెనా కట్టేశాడంటే ఇక బేరం ఆడటానికేముంటుంది?

ఈలోగా సుబ్రహ్మణ్యం వంద లెన్సుకు మారదామని చెట్టు కింద బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు. కెమెరా ఒళ్ళో పెట్టి, తువ్వాలు కప్పి, దాని కింద చేతులతో తడుముకుంటూ, చూపు మాత్రం అరటిపండు మీదే నిలిపాడు. శ్రీరాములుకు కనబడిన దృశ్యం ఇది.

ఆ చుట్టుపక్కల పాతకాపు వ్యాపారస్తులు ధర నోటితో చెప్పరు. పక్కన నలుగురు ఉంటారు, నలుగురికీ తెలియకూడదు. అందుకని అమ్మేవాడు ఒళ్ళో తువ్వాలు కప్పుకుని కూర్చుంటాడు, కొనేవాడు దాని కిందికి చెయ్యి పోనిస్తాడు. కొనేవాడు వేళ్ళు పట్టుకుని ధర అడుగుతాడు, అమ్మేవాడు ఇంకా పెంచమని నొక్కుతాడు. ముఖాలు మాత్రం ఏమీ ఎరగనట్టు ఉండాలి. చేతులు విడివడితే బేరం కుదిరినట్టు. ఆ తరవాత మాట తిప్పినవాడి తోట ఇంకెవరూ కొనరు. సుబ్రహ్మణ్యానికి ఇదేమీ తెలియదు. అతనిది చింతలపూడి, వాళ్ళ ఇంట్లో మామిడికాయలు కొనుక్కు తినడం తప్ప అమ్మడం లేదు.

శ్రీరాములు ఎదురుగా చతికిలబడి, గొంతు సవరించుకుని, తువ్వాలు కిందికి చెయ్యి పోనిచ్చాడు.

విప్పిన లెన్సు ఎక్కడ పెట్టాలో తెలియక సతమతమవుతున్న సుబ్రహ్మణ్యం, ఎవరో పెద్దాయన సాయానికి వచ్చాడని సంతోషించి, యాభై లెన్సు ఆ చేతిలో పెట్టాడు. చల్లటి అద్దం తగిలేసరికి శ్రీరాములు గుండె ఝల్లుమంది. ఇన్నేళ్ళ బేరాల్లో ఎవరూ ఇంత నిర్మొహమాటంగా, అంతా చూసేశాను, నా దగ్గర నాటకాలొద్దు అని చెప్పలేదు. లెన్సు మెల్లగా అతని ఒళ్ళో వదిలేసి, రెండు వేళ్ళు పట్టుకుని ఒక ధర అడిగాడు.

సరిగ్గా అప్పుడే గోధుమరంగు సీతాకోకచిలుక వచ్చి, చెమటతో తడిసిన శ్రీరాములు కుడిచెవి మీద వాలింది. నాలుగు రెక్కలూ పరుచుకుని మరీ వాలింది.

సుబ్రహ్మణ్యం ఈసారి ఊపిరి బిగబట్టాడు. ఈయన కదిలితే అంతా పోతుంది. లెన్సు పోతుంది, కెమెరా పోతుంది, ఆ స్థానంలో కుట్టుమిషను వస్తుంది. నోరు తెరవకూడదు కదా, అందుకని కదలొద్దన్నట్టు పెద్దాయన ఐదు వేళ్ళూ కలిపి గట్టిగా నొక్కిపట్టాడు.

శ్రీరాములు ధర పెంచాడు. పెంచుతూ కాస్త కదిలాడు. సుబ్రహ్మణ్యం ఇంకా గట్టిగా నొక్కి, కళ్ళు పెద్దవి చేసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. అతని చూపు శ్రీరాములు ముఖం మీద లేదు, చెవి దగ్గరెక్కడో ఉంది. ఎదుటి మనిషిని బొత్తిగా లెక్కచెయ్యని ఇలాంటి బేరగాణ్ణి శ్రీరాములు చూడలేదు. మళ్ళీ పెంచాడు. మళ్ళీ నొక్కుడు పడింది. ఇంకోసారి పెంచాడు.

వంద లెన్సు ఎలాగో బిగుసుకుంది. సుబ్రహ్మణ్యం కుడిచేత్తో కెమెరా పైకెత్తి, కంటికి ఆనించి, బటన్ నొక్కాడు. ఆ చప్పుడుకు సీతాకోకచిలుక ఎగిరిపోయింది. ముందు ఎగిరిందో, ముందు నొక్కాడో అతనికి తెలియలేదు. నిట్టూర్చి, పట్టుకున్న చెయ్యి వదిలేశాడు.

శ్రీరాములు లేచి నిలబడి, నలిగిన వేళ్ళు విదిలించుకున్నాడు. "నా మాట మీద అంత అపనమ్మకమాండీ? సాక్ష్యానికి ఫోటో కూడా తీశారు! సరే, చేతులు విడిచాక ఇంకేముంది? అయిపోయింది." ఇలా అని గేటు వైపు నడిచాడు.

ఏం అయిపోయిందో సుబ్రహ్మణ్యానికి పది నిమిషాల తరవాత, మామగారు ఉత్తరీయం జారిపోతున్నా చూసుకోకుండా పరుగెత్తుకు వచ్చినప్పుడు తెలిసింది. వెనకే టిఫిను క్యారియరు పట్టుకుని సుభద్ర వస్తోంది.

"అల్లుడుగారూ! తోట కాపంతా అమ్మేశారుటగా! ఎంతకి?"

"కాపా? నేనా?"

"ధర ఆయన్ని అడక్కూడదు, అది పరువు కాదు. ఆయనకి తెలుసు, మీకు తెలుసు. చెప్పండి, ఎంతకి?"

"మావయ్యగారూ, నేను నోరు తెరవలేదండీ, ఒట్టు," అన్నాడు సుబ్రహ్మణ్యం ఏడుపు గొంతుతో. ఏడాది కష్టం తన వేళ్ళ సందుల్లోంచి ఎంతకు జారిపోయిందో తనకే తెలియదు. జీవితంలో మొదటిసారి అతనికి సీతాకోకచిలుకల మీద కోపం వచ్చింది.

సుభద్రే దారి చూపింది. "నాన్నా, అలా కంగారుపడకు. తువ్వాలు కింద ఏం జరిగిందో ఈయన చేత నీ చేతిలో చేయించుకుని చూడు."

మామా అల్లుళ్ళు ఎదురెదురుగా కూర్చున్నారు. తువ్వాలు కప్పారు. సుబ్రహ్మణ్యం జ్ఞాపకం చేసుకుంటూ, శ్రీరాములు ఏ వేళ్ళు పట్టుకున్నాడో, తాను ఎలా నొక్కాడో, ఆయన ఎలా పెంచాడో అన్నీ చేసి చూపించాడు. వెంకటరమణ ముఖం మొదట ఎర్రబడింది, తరవాత తెల్లబోయింది. ఆ తరవాత ఆయన కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"మా నాన్న నాటిన చెట్లండీ ఇవి. ఈ ధర ఆయన కూడా ఎన్నడూ తేలేదు," అంటూ అల్లుడి చెయ్యి కళ్ళకద్దుకున్నాడు. చేతికి బెల్లంపాకం ఉన్న సంగతి ఆయన పట్టించుకోలేదు.

"అది కాదండీ, నేను సీతాకోకచిలుక కోసం..."

"అవునవును. బయట అలాగే చెప్పండి. అదే మంచిది."

సాయంత్రం జోజిబాబు రీలు కడిగి, ప్రింటు వేసి, తడితడిగానే బయటికి తెచ్చాడు. కాగితం నిండా శ్రీరాములు కుడిచెవి ఉంది. ఒక్కో వెంట్రుకా విడివిడిగా, పాతకాలం పోగు కుట్టిన చిల్లుతో సహా, అద్భుతంగా వచ్చింది. ఇంకేమీ లేదు.

"వంద లెన్సే గదండీ? ఇంకేం ఆలోచించకండి మాస్టారూ, అదే తీసుకోండి," అన్నాడు జోజిబాబు.

సుభద్ర ఫోటో అటూ ఇటూ తిప్పి చూసింది. "చెవి బాగుంది. రెక్కలేవండీ?"

ఏ లెన్సు కొనాలో తేలిపోయింది, దాన్ని తగిలించడానికి కెమెరా ఉండదనీ తేలిపోయింది. సుబ్రహ్మణ్యానికి నిజంగానే దుఃఖం వచ్చింది. మెడలోంచి కెమెరా తీసి, దాని పట్టీ చుట్టి, బల్ల మీద పెట్టాడు.

అప్పుడే వెంకటరమణ స్టూడియో మెట్లెక్కి వచ్చాడు. సంగతి విని కూతురి మీద విరుచుకుపడ్డాడు.

"కెమెరా అమ్మడమేమిటే, బుద్ధుందా? ఆ అద్దం చూసే కదా శ్రీరాములుగారు దిగొచ్చింది! కుట్టుమిషను నేను కొంటాను. జోజిబాబూ, ఆ లెన్సులు రెండూ కట్టు. ఒకటి పిందెలకీ, ఒకటి ఆకులకీ." తరవాత అల్లుడి వైపు తిరిగి, గొంతు తగ్గించాడు. "వచ్చే ఆదివారం హనుమాన్ జంక్షన్ దగ్గర మా ఇంకో వియ్యంకుడి తోటండీ. ఆ పై ఆదివారం మా పెద్దబావగారిది. బేరం మీరే చేస్తారని మాటిచ్చేశాను."

చెవి ఫోటో ఆల్బంలోకి ఎక్కింది. దాని కింద కూడా సుబ్రహ్మణ్యం అదే వాక్యం రాసుకున్నాడు. ఇప్పుడు అతని దగ్గర రెండు మాక్రో లెన్సులున్నాయి. ప్రతి ఆదివారం ఏదో ఒక తోటలో, చెట్టు కింద, కెమెరా పక్కన పెట్టుకుని, కదలకుండా మెదలకుండా కూర్చుంటున్నాడు. కదలని మనిషంటే సీతాకోకచిలుకలకు భయం లేదు. అవి వచ్చి అతని మోకాలి మీద నాలుగు రెక్కలూ విప్పుకుని, ఎంతసేపైనా అలాగే ఉండిపోతున్నాయి.

అతని చేతులు రెండూ తువ్వాలు కింద ఉంటున్నాయి.