నెమ్మదించిన రాక్షసుడు

ఆ ఆదివారం పొద్దున జయప్రకాష్ వేసుకున్న పథకం చిన్నదే. ఆళ్లగడ్డలో అత్తగారి చర్చి సంఘానికి ఆరాధనకు బయలుదేరేలోగా, నంద్యాలలో తన ఇంటి టీవీ మీద ఆటలోని చివరి రాక్షసుణ్ణి ఇంకొక్కసారి ఎదుర్కోవాలి. వేసవి సెలవుల నుంచి వాడి చేతిలో తన్నులు తింటూనే ఉన్నాడు. ఆటను తేలిక చేసే సెట్టింగులు అందులోనే ఉన్నాయి గానీ, ఆయన పాణ్యంలో లెక్కల మాస్టరు, మెట్టు వదిలేసి జవాబు రాస్తే మార్కులు కోసే రకం. "అల్కగా గెల్చేది గెలుపెట్లయితాది అత్తా? అవి చేతగానోళ్ళకి" అని, ముందురోజు చూడ్డానికొచ్చిన అత్తగారు చెన్నమ్మకు ఉపన్యాసమిచ్చి మరీ బజారుకు వెళ్ళాడు.

ఆయన అటు వెళ్ళగానే భార్య రెబెకా రిమోట్ అందుకుంది. చెన్నమ్మకు కీళ్ళనొప్పులతో వేళ్ళు వంగవు, చూపు ఆనదు, అయినా ఆడాలని మహా ఉబలాటం. అందుకని రెబెకా అక్షరాలు పెద్దవి చేసి, రాక్షసుడి వేగం తగ్గించి, ఒక్క బటన్‌తోనే కత్తి తిరిగేలా పెట్టింది. చెన్నమ్మ తనివితీరా ఆడుకుని సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది. సెట్టింగులు మళ్ళీ మార్చడం రెబెకా మరిచిపోయింది.

పొద్దున అక్షరాలు పెద్దగా కనబడితే జయప్రకాష్ తన కొత్త కళ్ళద్దాలను మెచ్చుకున్నాడు. రాక్షసుడు గద ఎత్తి దించేలోగా రెండు గుక్కల కాఫీ తాగే వ్యవధి దొరికితే, తన చెయ్యే చురుకెక్కిందనుకున్నాడు. కాసేపటికి రాక్షసుడు కూలాడు. మాస్టరు సోఫా ఎక్కి నిలబడ్డాడు.

"మీకొకటి చెప్పల్ల" అంది రెబెకా, కారు శిరివెళ్ళ దగ్గరకు వచ్చాక.

"ముందు నేను చెప్పేది ఇను. ఓర్పంటే ఏందో ఈ పొద్దు తెలిసింది నాకు."

ఆళ్లగడ్డ వచ్చేదాకా ఆయన ఓర్పు గురించే చెప్పాడు. వినే ఓర్పు లేక ఆమె కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చుంది.

ఆ ఊళ్ళో పెళ్ళైన నాటి నుంచీ ఆయన రెబెకా మొగుడే. ఒక్కసారైనా నలుగురిలో సొంత పేరుతో పిలిపించుకోవాలన్నది ఆయనకు తీరని కోరిక. అందుకే పాస్టరు జకరయ్య, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేవాళ్ళను పిలవగానే, రోగం నయమైనవాళ్ళూ ఉద్యోగం వచ్చినవాళ్ళూ లేచే ఆ చోట, టీవీలో రాక్షసుణ్ణి చంపిన మనిషి లేచాడు. దగ్గరి దారి తొక్కలేదని, తల వంచలేదని చెప్పాడు. రెబెకా కొంగుతో మొహం తుడుచుకుంది.

"మంచి మాట చెప్పినావ్, జయప్రకాష్" అన్నారు పాస్టరు. "మధ్యాన్నం యవ్వనస్థుల కూడికలో ఆ ఆట అందరికీ చూపియ్యి."

టీవీకి తగిలించే ఆట పెట్టె కారులోనే ఉంది. ఎందుకైనా మంచిదని తెచ్చుకున్నాడు.

మధ్యాహ్నం, పాటలు చూపించే పెద్ద తెర మీద ఆట మొదలైంది. వయసుతో పని లేకుండా సంఘమంతా వచ్చింది. అక్షరాలు గుమ్మం దగ్గరికి కూడా కనబడుతున్నాయి. రాక్షసుడు గద ఎత్తాడు. ఎత్తుతూనే ఉన్నాడు.

"వానికి పానం బాగలేదా ఏంది?" అన్నారు వెనక నుంచి ఎవరో.

"అవి నా సెట్టింగులు" అంది చెన్నమ్మ గర్వంగా. "నా వేళ్ళు వంగవని రెబెకా పెట్టినాది. అల్లుడు గూడా దాంట్లోనే ఆడతాండాడు."

జయప్రకాష్ మొహం మాడిపోయింది. పరువు దక్కించుకోవాలని అక్కడికక్కడే పాత సెట్టింగులు పెట్టేశాడు. రాక్షసుడు ఒక్క దెబ్బకు ఆయన వీరుణ్ణి పడగొట్టాడు. వీరుడు లేచాడు, మళ్ళీ పడ్డాడు. సంఘం ఆవులించసాగింది. ఆయనకు ఏడుపొక్కటే తక్కువ.

"ఆ పెద్దమ్మ సెట్టింగులే పెట్టప్పా" అన్నారు పాస్టరు చివరికి. "నాకూ ఒకసారి ఆడాలనుంది. ఎడమ కన్ను సరిగా ఆనదు నాకు."

పాస్టరు వెనకాల అందరూ వరస కట్టారు. కుడిచెయ్యి పడిపోయిన రాములమ్మ ఎడమ చేత్తో బటన్ నొక్కుతుంటే, "ఇప్పుడు కొట్టు పెద్దమ్మా, ఇప్పుడు" అని జయప్రకాష్ తనకు తెలియకుండానే పక్కన చేరాడు. రాక్షసుడు పడ్డాక ఆమె నవ్విన నవ్వు చూసి ఆయనకు సిగ్గూ వేసింది, సంతోషమూ కలిగింది, తనూ నవ్వేశాడు. వేసవి నుంచి ఆ ఆట ముందు ఆయన నవ్వింది అదే మొదలు.

వెళ్ళేటప్పుడు అందరూ గేటు దాకా వచ్చి, "పై వారం గూడా పెట్టె తీస్కరా, చెన్నమ్మ అల్లుడా" అన్నారు.

ఇంటికి రాగానే ఆయన టీవీ ముందు కూర్చున్నాడు. "సెట్టింగులు మార్చేదా?" అని అడిగింది రెబెకా.

"ఉండనీలే. మీ అమ్మ వస్తాది గదా."

అది ఆగస్టు నెల, చెన్నమ్మ మళ్ళీ వస్తానన్నది క్రిస్మస్‌కు.