ఐస్ డబ్బాకు బంతిపూల దండ

సుమనకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. ఎప్పుడో ఒకనాడు తెలియని నంబరు నుంచి ఫోను వచ్చి, "అమ్మా, మీరు కమలాకర్ భార్యేనా?" అని ఎవరో అడుగుతారని.

బండి తోలే మొగుడున్న ఏ ఆడమనిషికైనా ఈ భయం ఉంటుంది. సుమనకు రెండింతలు. ఒకసారి గ్యాసు బండి మనిషి ఫోను చేసి సరిగ్గా ఆ మాటే అడిగాడు. ఆమె గోడకు ఆనుకొని కూలబడింది. తలుపు తీసేవాళ్లు లేక సిలిండరు వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఆ వారమంతా కట్టెల పొయ్యి ఊదుతూ కూడా, "పోతే పోయింది, సిలిండరే గద" అని దేవునికి దండం పెట్టుకుంది.

కమలాకర్‌కు మాత్రం తన గురించి ఏ భయమూ లేదు. భయమంతా డబ్బా గురించే.

హాలియాలో అతనిది చేపల బేరం. తెల్లవారకముందే సాగర్ వైపు పోయి చేపలు ఎత్తుకొస్తాడు, ఇంట్లో నాలుగు ముద్దలు తింటాడు, రామన్నపేట అంగడికి పోతాడు. ఈ ఎండాకాలం కొత్త ఐస్ డబ్బా కొన్నాడు. తెల్లటి డబ్బా, మనిషి నిడివి, మందపాటి గోడలు, ఒకసారి ఐసు వేస్తే మర్నాటికీ రాయిలా ఉంటుంది. ధర కూడా ఓ పాడిబర్రె అంత. దాన్ని పికప్ బండి వెనుక తొట్టిలోకి ఎక్కించిన రోజు నుంచి అతని ప్రాణం వెనక్కే లాగుతోంది. ముందుకు చూసి నడపాల్సిన మనిషి అద్దంలో డబ్బాను చూసుకుంటూ నడుపుతాడు.

దొంగలు పడతారని మొదట గొలుసు చుట్టి తాళం వేశాడు. టీ తాగి వచ్చేసరికి గొలుసూ లేదు, తాళమూ లేదు. డబ్బా మాత్రం ఉంది.

"డబ్బాకు గొలుసు కాపలా పెట్టినవ్. మరి గొలుసుకెవలను పెడ్తవ్?" అంది సుమన.

"అది అసొంటిసొంటి గొలుసు గాదే. మస్తు మంచి గొలుసు."

"గందుకే గద ఎత్కపోయిండ్రు."

తర్వాత నైలాన్ తాడు కట్టాడు. ఎలాంటి ముడులు వేశాడంటే, రామన్నపేటలో అతనికే విప్పరాలేదు. నడినెత్తిన ఎండ. కొనేవాళ్లు సంచులు పట్టుకొని కాసేపు నిలబడ్డారు, కాసేపు సలహాలిచ్చారు, తర్వాత కోడికూర కొనుక్కొని వెళ్లారు. కత్తితో ఆఖరి ముడి కోసేసరికి అంగట్లో మిగిలిన గిరాకీ పిల్లులే.

ఆ మర్నాడు చీకటితోనే వాకిట్లో గొడవ మొదలైంది.

"బుడ్డోని కొత్త తువ్వాలతోని డబ్బా తుడుస్తున్నవా?"

"వానికైతే జలుబే, రెండ్రోజులల్ల పోతది. దీనికి మరక వడ్తె పోదే."

"దాని మీద గంత పావురముంటె ఇల్లెందుకు, పెండ్లామెందుకు? పోయి ఆ డబ్బాలనే పండుకో!"

కమలాకర్ కోపం తెచ్చుకోలేదు. మీసాల చాటున నవ్వాడు. అతను అలా నవ్విన ప్రతిసారీ ఇంట్లో ఏదో ఒకటి విరుగుతుంది.

"ఇయ్యాల్టి సంది దీన్ని ఎవ్వడు ముట్టడు, సూస్తుండు."

"ఏం జేస్తున్నవ్?"

"జెప్తె ఐడియా ఊరంత పోతది," అని బండి స్టార్టు చేశాడు.

రోజూ పొద్దెక్కకముందే ఇంటికొచ్చే మనిషి, ఎండ వాకిట్లోకి వచ్చినా రాలేదు. సుమన కంచంలో అన్నం పెట్టి మూత వేసింది. ఫోను చేసింది. స్విచాఫ్. బుడ్డోడికి పాలు పట్టి మళ్లీ చేసింది. స్విచాఫ్.

అప్పుడు ఫోను మోగింది. కమలాకర్ చిన్నమ్మ ఈదమ్మ నంబరు. తెలిసిన నంబరే కదా అని సుమన ధైర్యంగా ఎత్తింది.

"ఓ బిడ్డా సుమనా... ఇగ ఎట్ల బతుకుతవు బిడ్డా!"

"ఏమైంది చిన్నత్తా?"

"అయ్యో, దీనికింక ఎరుకనే లేదు!" అని పక్కనున్న ఎవరికో చెప్పి ఈదమ్మ రాగం అందుకుంది.

ఈదమ్మది సాగర్ రోడ్డు పక్క ఇల్లు. ఏడుపు మధ్య తెలిసిందేమిటంటే, ఆమె వాకిలి ఊడుస్తుంటే కమలాకర్ బండి పోయింది. అతని బండే, అనుమానం లేదు. వెనుక తలుపు మీద వేయించిన చేప బొమ్మ దోసకాయలా ఉంటుంది, మండలంలో ఇంకే బండికీ అలాంటి బొమ్మ లేదు. తొట్టిలో తెల్లటి పొడుగు డబ్బా. దాని మీద బంతిపూల దండలు, అగరుబత్తుల పొగ. శవాన్ని ఉంచడానికి కిరాయికి తెచ్చే ఫ్రీజర్ డబ్బా తెలియనిదెవరికి? పైగా బండి నడిపేది ఎవడో తలకు, మూతికి తువ్వాల చుట్టుకున్నవాడు, ఏడుస్తున్నట్టే ఉన్నాడు.

"వాని బండి ఇంకోడు నడుపుతుండంటే, మరి వాడేడున్నడు బిడ్డా?"

సుమన ఫోను పెట్టేసింది. ఆ డబ్బాలనే పండుకో. ఆ మాట అన్నది తన నోరే.

ఆమె ఏడవలేదు. తాడు మీది బుడ్డోడి బట్టలు తీసుకొచ్చి మడతపెట్టసాగింది. మడిచినవే విప్పి మళ్లీ మడిచింది. పక్కింటి లాల్ బీ పరుగున వచ్చి పిల్లవాణ్ణి చంకనెత్తుకొంది.

"జర నీళ్లు తాగు బిడ్డా. ఇగో, నా దిక్కు సూడు."

"ఆయన అన్నం కంచం తియ్యకు పిన్నీ," అంది సుమన. "వచ్చి తింటడు."

లాల్ బీ కొంగు నోట్లో కుక్కుకొని అటు తిరిగింది.

గంట గడవకముందే వాకిలి నిండింది. చేలల్లోంచి వచ్చారు, అంగళ్లు మూసి వచ్చారు. టెంట్‌హౌస్ మల్లప్ప ఎవరూ పిలవకుండానే టెంటు వేసి కుర్చీలు దించాడు. నిన్నటిదాకా కమలాకర్‌ను తూకంలో మోసగాడన్నవాళ్లే, "అసొంటి చెయ్యి మళ్ల పుట్టదు," అని ముక్కులు చీదారు. ఈదమ్మ ఆటోలో దిగుతూనే ఏడుపును పై మెట్టుకు ఎక్కించింది.

అంతలో సందు మలుపులో బండి చప్పుడు. తెల్ల డబ్బా, బంతిపూలు, పొగ. ఒక్కసారిగా వాడంతా గొల్లుమంది.

బండిలోని తువ్వాల మనిషి ఆ టెంటును చూశాడు. కుర్చీలు చూశాడు. తన వాకిట్లో ఏడుస్తున్న జనాన్ని చూశాడు. ఇంజను ఆపకుండానే దూకి అందరికన్నా పెద్దగా గొంతెత్తాడు.

"ఎవలే! ఎవలు పోయిండ్రే! మా బుడ్డోడేడి?"

"లాల్ బీ సంకల ఉన్నడు," అన్నారెవరో.

"సుమనేది?"

"అగో, గడప మీద."

"మరి ఎవలు పోయిండ్రు?"

మల్లప్ప కుర్చీ పట్టుకొని అలాగే నిలబడి అన్నాడు: "నువ్వే."

కమలాకర్ తువ్వాల విప్పాడు. ఏడుపు టక్కున ఆగింది. వాడంతట్లో ఇంజను చప్పుడొక్కటే మిగిలింది.

సుమన లేచి వచ్చింది. అంగట్లో టమాటా చూసినట్టు అతని చెంప నొక్కింది, భుజం నొక్కింది. తర్వాత జబ్బ మీద ఓ గిల్లు గిల్లింది. కమలాకర్ అరుపు సెంటరు దాకా వినిపించింది.

"బతికే ఉన్నడు," అని చెప్పి, అప్పుడు ఏడ్చింది. పొద్దుటి నుంచి దాచుకున్నదంతా ఏడ్చింది.

"ఏంది ఈ ఏశం?" అని ఈదమ్మ చెప్పు తీసింది.

"దొంగలు ముట్టొద్దని చిన్నమ్మా! శవం డబ్బా అంటె ఎవ్వడు దగ్గరికి రాడు గద. నన్ను గుర్తువట్టద్దని తువ్వాల సుట్టుకున్న. అడ్డరోడ్డు కాడ బండి పెట్టి, హోటల్ల కూసోని పరీచ్చ చేసిన. ఈగ గూడ వాలలే! ఒక పెద్దమనిషైతె చెప్పులిడిసి దండం పెట్టిండు. బస్సు డ్రైవర్ సైడిచ్చిండు!"

"ఫోనెందుకు బంద్ జేసినవ్?" అంది సుమన.

"నా రింగు తీన్మార్ డప్పు గద. ఏడుపు మొహం పెట్టుకున్నంక అది మోగితె..." కమలాకర్ గొంతు తగ్గింది. "బాగుండదని."

చెప్పు ఎక్కడ తగిలిందో రాయడం మర్యాద కాదు.

జనానికి ఏం చెయ్యాలో తోచలేదు. చనిపోలేదని సంతోషించాలో, పని చెడగొట్టాడని తిట్టాలో తెలియక రెండూ కలిపి చేశారు. మల్లప్పకు మరో దిగులు. "వేసిన టెంటు కింద ఎవలు తినకుండ విప్పుతె అరిష్టం తమ్మీ."

"నేను అంగడికి పోవాలె, జరుగుండ్రి," అన్నాడు కమలాకర్.

"ఏ అంగడికి?" అంది లాల్ బీ. "శవం డబ్బాలకెల్లి తీసిన చాపలు ఎవలు కొంటరు? రామన్నపేట దాక ఫోన్లు పోయినయి కొడుకా!"

కమలాకర్ డబ్బా వైపు చూశాడు.

సుమన కొంగుతో మొహం తుడుచుకొని బండి దగ్గరకు నడిచింది. "మూత తియ్యి."

"ఎందుకే?"

"నీ కోసం ఏడ్సినోళ్లు ఉపాసం పోవాల్నా?"

చేపలన్నీ దిగాయి. టెంటు కింద పొయ్యిలు వెలిగాయి. లాల్ బీ మసాలా నూరింది, ఈదమ్మ పులుసు రుచి చూసి ఇంకాస్త చింతపండు పిసికింది. దొంగలొచ్చినా ఇంత శుభ్రంగా ఖాళీ చేసేవాళ్లు కాదు. కమలాకర్ తన చేపను తనే అడుక్కోవాల్సి వచ్చింది. అతని వంతుకు తోక వచ్చింది.

అందరూ చేతులు కడిగేవేళ ఈదమ్మ ఉన్నట్టుండి గుండె మీద చెయ్యి వేసుకొంది.

"మా అన్నకు ఫోన్ జేసి చెప్పిన గద పొద్దుగాల!"

ఆమె అన్న మైసయ్యది మేళ్లచెరువు. కమలాకర్‌కు మేనమామ. అల్లుడికి ఆఖరి కొత్తబట్ట మేనమామే కప్పాలి. ఆ కబురు పక్కింటి ఫోనుకు అందగానే, బట్ట కొనుక్కొని బస్సెక్కాడట. చేతిలో ఫోను లేదు. చెవులు కూడా సరిగ్గా వినబడవు. హుజూర్‌నగర్‌లో దిగాలి, మిర్యాలగూడలో మారాలి. సాయంత్రమైనా హాలియా చేరలేదు.

సుమన కమలాకర్‌ను అప్పటికప్పుడు వెతకడానికి పంపింది. ఆ డబ్బాను దించి పొమ్మంటే, "ఇంట్ల ఇంత మంది ఉన్నరు, ఎవడన్న ఎత్కపోతడు," అని దాన్ని వేసుకొనే పోయాడు. దండలు తియ్యడం కూడా మరిచిపోయాడు.

అందుకని, ఇది చదివేవాళ్లలో మిర్యాలగూడ దారిన పోయేవాళ్లెవరైనా ఉంటే, బస్టాండులో ఒక్కసారి చూడండి. తెల్ల పంచె, చంకలో కొత్త బట్ట మడత, బిస్కెట్టు పెట్టినా తినడు. మైసయ్యా అని భుజం తట్టి పిలవండి. నీళ్లివ్వండి. అల్లుడు బతికే ఉన్నాడని చెవిలో గట్టిగా చెప్పండి. ఆ బండి అక్కడికి చేరకముందే చెప్పండి.