తప్పు లేని పాట చెల్లదు

దేశంలో ఇక నుంచి సంగీతం బతికే ఉంటుందని సాంస్కృతిక శాఖ మంత్రిగారు ఒక ఉదయం ప్రకటించారు. అది పోయినట్టు అప్పటిదాకా ఎవరికీ తెలియదు. కనీసం ఒంట్లో బాగాలేదని కూడా ఎవరూ వినలేదు. అయినా మంత్రిగారి నోటి వెంట వచ్చిన మాట కాబట్టి సభలో అందరూ ముందు కొంచెం విచారించి, ఆ తర్వాత చాలా సంతోషించారు.

మంత్రిగారు అప్పుడే పై దేశాలు తిరిగి వచ్చారు. "అక్కడ జనం పాడేవాడి ఎదురుగా కూర్చుని పాట వింటున్నారు. మధ్యలో మిషను లేదు. చూసి నాకు కన్నీళ్ళు వచ్చాయి," అన్నారు. కన్నీళ్ళ వెనకే పథకం వచ్చింది. దాని పేరు సజీవ సంగీత పథకం. ప్రతి పేటలోని హాలునూ శాఖవారు పరీక్షిస్తారు. అన్ని పాటలూ సజీవమని తేలితే ఆ హాలుకు సర్టిఫికెట్. ఒక్క పాట తేడా వచ్చినా హాలును శాఖవారు తీసుకుని విరిగిన కుర్చీలు పెట్టుకుంటారు. ఆ శాఖలో కుర్చీల కోసం జరిగే పెనుగులాట చిన్నది కాదు. విరిగినవాటికి చోటు చాలడం లేదు.

ఈ కబురు తెలిసేసరికి ఒక పేటలో హాలు చూసుకునే బాబాయి కుర్చీలు తుడుస్తున్నాడు. విరగనివి.

హాలు పెద్దదేమీ కాదు. సందులో, లాండ్రీకీ సైకిలు షాపుకూ మధ్య ఇరుక్కుని ఉంటుంది. లాండ్రీ వాళ్ళ మిషను తిరిగితే ఇక్కడ నేల వణుకుతుంది. వేదిక మీద ఒక చెక్క కిర్రుమంటుంది కాబట్టి తెలిసినవాళ్ళు దాన్ని దాటి అడుగేస్తారు. శనివారం సాయంత్రం పనుల్లోంచి దిగినవాళ్ళు దిగినట్టే వచ్చి పాడతారు, వాయిస్తారు. బాబాయి పాడలేడు, వాయించలేడు. తలుపు తీస్తాడు, కుర్చీలు వేస్తాడు, వెనక వరసలో కూర్చుని వింటాడు. "వినేవాడు లేకపోతే పాడేవాణ్ణి పిచ్చివాడంటారు. నేను వాళ్ళ పరువు కాపాడుతున్నా," అంటాడు. ఆ శనివారం లేకపోతే మిగతా వారం దేనికో ఆయనకు తెలియదు.

పరీక్షించడానికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నిన్నమొన్నటి దాకా తూకాల శాఖలో పనిచేసిన మనిషి. జేబులో ఒక ఎర్ర పెన్సిలు, ఒక పచ్చ పెన్సిలు. నిజాయితీపరుడని పేరు. ఆ పేరు వల్లే శాఖ నుంచి శాఖకు తిరుగుతూ ఉంటాడు.

"ఇక్కడ పాడేది మనుషులేనా?" అని అడిగాడు.

"మనుషులే సార్," అన్నాడు బాబాయి.

"ఆధారం?"

"ఎదురుగానే ఉన్నారు కదండీ. కావాలంటే గిచ్చి చూడండి."

ఇన్‌స్పెక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మనిషిని గిచ్చితే మనిషి సజీవమని తెలుస్తుందయ్యా. పాటని ఎక్కడ గిచ్చను?"

మాట న్యాయమైనది. ఇన్‌స్పెక్టరు పైకి రాశాడు. పైవాళ్ళు ఇంకా పైకి రాశారు. చివరికి మంత్రిగారే స్వయంగా ఆలోచించి సర్క్యులరు పంపించారు. మిషను తప్పు చెయ్యదు, మనిషి చేస్తాడు, కాబట్టి తప్పు లేని పాట సజీవం కాదు, ఒక్కో పాటలో కనీసం ఒక్క తప్పయినా ఉండాలి. ఆ శాఖ పుట్టాక అందులోంచి ఇంత తేటగా ఒక మాట వెలువడటం అదే మొదలని తెలిసినవాళ్ళు మెచ్చుకున్నారు.

ఇంకొక్క చిక్కు మిగిలింది. పాటలో తప్పు ఎక్కడ దొర్లిందో ఇన్‌స్పెక్టరుకు తెలియదు. దానికీ ఆయనే దారి చూపించాడు. తప్పు చేసినవాళ్ళు చేసిన వెంటనే ఎడమ చెయ్యి పైకెత్తాలి.

"చెయ్యకుండానే ఎత్తితేనో?" అన్నాడు బాబాయి.

"అలాంటి మోసం ఈ దేశంలో జరగదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆయన ఆ మాట నమ్మి అన్నాడు.

శనివారం పథకం ప్రారంభోత్సవానికి మంత్రిగారే ఈ హాలుకు వస్తారనీ, అసలు పరీక్ష ఆ రోజేననీ కబురు వచ్చింది. రిహార్సలు మొదలైంది. ముందు టైరు షాపు మామ లేచాడు. మొదటి లైనులోనే చెయ్యెత్తాడు. పాట అయిపోయింది, చెయ్యి దిగలేదు.

"ఏంటి మామా, చెయ్యి అలా ఉంచేశావు?"

"దించడానికి సందు దొరికితే కదా బాబాయ్!"

ఇన్‌స్పెక్టరు పచ్చ పెన్సిలు అరిగేలా గీత గీశాడు. "ఈయనలో ఉన్నంత ప్రాణం నేనెక్కడా చూడలేదు," అన్నాడు. మామ పెళ్ళాం ముందు వరసలో ఉంది. "ఆ గొంతుకి గవర్నమెంటు తప్ప ఇంకెవరూ మార్కులు వెయ్యరని పెళ్ళయిన కొత్తలోనే చెప్పాను," అంది.

బస్సు డ్రైవరు మౌతార్గాన్ వాయించాడు. పాపం, రోడ్డు మీద తప్పులు చెయ్యకూడదని నేర్చుకున్నవాడు. చెమటలు కక్కి ఒకటి చేశాడు. పాసయ్యాడు.

ఆఖరున ఫిడేలు వదిన కూర్చుంది. బాబాయికి అన్నగారి భార్య. అన్న పోయి చాలా కాలమైంది. ఆవిడ మాట్లాడటం తక్కువ, తిట్టడం కొంచెం ఎక్కువ, వాయిస్తే మాత్రం లాండ్రీ వాళ్ళు మిషను ఆపి వింటారు. వాయించింది. ఇన్‌స్పెక్టరు పచ్చ పెన్సిలు పట్టుకుని చెయ్యి కోసం ఎదురు చూశాడు. చెయ్యి లేవలేదు. పెన్సిలు మార్చుకున్నాడు.

"ఈవిడ మిషను," అన్నాడు.

"ఎవర్రా మిషను?" అంది వదిన.

"వదినా, వదినా! సర్క్యులరు భాష అది," అని బాబాయి మధ్యలో పడ్డాడు.

మర్నాడు బాబాయి వదిన ఇంటికి వెళ్ళాడు. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని ఫిడేలు కమానుకు గుగ్గిలం ముక్క రుద్దుతోంది.

"ఒక్క తప్పు వదినా. ఆవగింజంత."

"ఏ తప్పు చెయ్యమంటావ్?"

"మీ ఇష్టం. చిన్నది. ఎవరికీ తెలియనిది."

"ఎవరికీ తెలియకపోతే ఆ పెన్సిళ్ళవాడికెలా తెలుస్తుంది?"

"చెయ్యెత్తాలి కదా."

"ఎడమ చెయ్యి ఫిడేలు మీద ఉంటే ఎత్తేదెవరు? పైనించి మీ అన్న దిగొచ్చి ఎత్తుతాడా?"

"పోనీ, కాలెత్తండి."

వదిన తలెత్తి చూసింది. ఆ చూపు తర్వాత బాబాయి అడక్కుండానే లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చాడు.

తిరిగొచ్చేసరికి ఆవిడ ఫిడేలు ఎత్తి పట్టుకుని ఉంది. మరిది ముఖం చూసి కాబోలు, ఒకసారి ప్రయత్నించింది. ఒక చోట ఆగి, వేలు పక్కకు జరపబోయింది. అది జరిగినట్టే జరిగి మళ్ళీ తన చోటికే పోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే.

"చూశావా? నేను తప్పు దారికి తోలుతుంటే వేళ్ళు ఇంటికి పోతున్నాయి," అంది. ఈసారి గొంతులో తిట్టు లేదు. "నా ఒక్కదాని వల్ల అందరి శనివారం పోతుంది మరిదీ. ఆ రోజు నేను రాను. ఒంట్లో బాగాలేదని చెప్పు."

ఇది చాలా తేలికైన ఉపాయం. ఇన్‌స్పెక్టరు దగ్గర అందరూ పాస్, హాలు క్షేమం. బాబాయి గుమ్మం దాకా వెళ్ళాడు. చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. మళ్ళీ తీశాడు.

"మీరు రాకపోతే హాలు ఉండీ ఏం లాభం? ప్రతి శనివారం టైరు మామని వింటూ కూర్చోనా? నా వల్ల కాదు. మీరు రండి. పోతే పోనీ."

"కుర్చీలు పెడతారు."

"పెట్టుకోనీ. విరిగినవైనా కుర్చీలే. తుడుస్తాను."

ప్రారంభోత్సవం రోజు వచ్చింది. వీధికి సున్నం కొట్టారు. గోడలకు కాదు, వీధికే. అందరికన్నా ముందు మంత్రిగారి పి.ఏ. వచ్చాడు. ఆయన వెనక నల్ల చొక్కా మనిషి ఒకడు చిన్న పెట్టె, వైర్లు మోసుకొచ్చి హాలు స్పీకర్లకు తగిలించాడు.

"అదేమిటండీ?" అన్నాడు బాబాయి.

"మంత్రిగారి గొంతుకి సంబంధించిన ఏర్పాటు. నువ్వు దాని జోలికి పోకు," అన్నాడు పి.ఏ.

మంత్రిగారి రాక ఆలస్యమైంది. ముందు సంగీతం కానిచ్చెయ్యమన్నారు. మామ చెయ్యెత్తుకునే వేదిక ఎక్కాడు. డ్రైవరు రెండు తప్పులు చేశాడు, రెండోసారి చెయ్యెత్తబోయి మౌతార్గాన్ కింద పడేశాడు. ఇన్‌స్పెక్టరు ముగ్ధుడయ్యాడు.

వదిన కిర్రు చెక్క దాటి వచ్చి కూర్చుంది. ఎవరి వంకా చూడలేదు. కమాను తీగ మీద పెట్టింది. హాల్లో విసురుకుంటున్న పేపర్లు ఆగిపోయాయి. కాపలా పోలీసు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు, ఎందుకు తీశాడో అతనికే తెలియదు. బాబాయి వెనక వరసలో కళ్ళు మూసుకున్నాడు. ఇదే ఆఖరి శనివారమైతే ఇదైనా పూర్తిగా వినాలనుకున్నాడు. విన్నాడు. కళ్ళు తెరిచేసరికి ఇన్‌స్పెక్టరు కళ్ళు కూడా తడిగా ఉన్నాయి. చేతిలో ఎర్ర పెన్సిలు ఉంది. గీత గీశాడు. నిజాయితీపరుడని చెప్పాను కదా.

అంతలో సైరను వినిపించింది. మంత్రిగారు చేతులూపుతూ వచ్చి తిన్నగా మైకు ముందు నిలబడ్డారు. పి.ఏ. నల్ల చొక్కాకి తలూపాడు. ప్రసంగం మొదలైంది.

ఏం ప్రసంగం! తడబాటు లేదు, దగ్గు లేదు. "మీ సంగీతం మొదటి నుంచీ కళ్ళు మూసుకుని విన్నాను," అన్నారు. వచ్చి ఒక నిమిషమే అయిన మనిషి మొదటి నుంచీ వినడం సామాన్యులకు సాధ్యం కాదు. మధ్యలో సున్నం ధూళికి మంత్రిగారు గట్టిగా తుమ్మారు. ప్రసంగం తుమ్మలేదు. మంచినీళ్ళు తాగారు. ఆయన తాగుతున్నంతసేపూ ఆయన గొంతు దేశం గురించి మాట్లాడుతూనే ఉంది. అంత బాధ్యత గల గొంతు ఇంకొకటి ఉండదు.

హాల్లో వినిపించేదంతా తూచాల్సిందేనని నమ్మే ఇన్‌స్పెక్టరు మెడ చాచి మంత్రిగారి ఎడమ చేతి వంకే చూస్తున్నాడు. అది జేబులో ఉంది. ఆయన పెన్సిలు మెల్లగా కిందికి దిగింది. పి.ఏ. పరుగున వచ్చాడు.

"ఏయ్, ఏం గీస్తున్నావ్?"

"ఇప్పటిదాకా ఒక్క తప్పూ లేదు సార్. సర్క్యులరు ప్రకారం..."

"సర్క్యులరు ఎవరిది?"

"మంత్రిగారిది సార్."

"మంత్రిగారు సజీవమా కాదా?"

"సజీవమే సార్. అదిగో, తుమ్ముతున్నారు."

"ప్రసంగంలో తప్పులున్నాయా?"

"అబ్బే! మంత్రిగారి ప్రసంగంలో తప్పులా?"

"మరి?"

ఇన్‌స్పెక్టరు రెండు పెన్సిళ్ళూ రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. తూకం ఎటు మొగ్గాలో చాలాసేపు చూసుకున్నాడు. "తప్పు లేకపోయినా సజీవం కావచ్చు సార్," అన్నాడు చివరికి.

"రాసుకో."

"అలాగైతే ఆ ఫిడేలావిడ కూడా..."

"ఎవరైతే నాకేంటయ్యా? రాసుకో ముందు!"

ఎర్ర గీత మీద పచ్చ గీత పడింది. పచ్చ పెన్సిలు కదలడం వెనక వరస నుంచి బాబాయి చూశాడు. వాయించి వచ్చి పక్క కుర్చీలో కూర్చున్న వదిన చేతి మీద చెయ్యి వేశాడు. ఆవిడ విదిలించుకోలేదు. "ఏడవకు, పోలీసు చూస్తున్నాడు," అంది.

అప్పుడే మంత్రిగారి ఫోను మోగింది. ఆయన ఫోను చెవిన పెట్టుకుని వేదిక దిగారు. ఇంకో పేటలో ఇంకో సంగీతాన్ని బతికించాల్సి ఉందట. పి.ఏ. దారి చేశాడు. నల్ల చొక్కా కూడా వాళ్ళ వెనకే పరిగెత్తాడు, ముందు సీట్లో చోటు దొరుకుతుందో లేదోనని. కారు తలుపు పడింది. సైరను సందు మలుపు తిరిగింది.

"ఈ హాలు వదిలి వెళ్ళడానికి నాకు కాళ్ళు రావడం లేదు," అన్నారు మంత్రిగారు స్పీకర్లలోంచి.

జనం లేవబోయారు. కాపలా పోలీసు టోపీ పెట్టుకుని లాఠీ అడ్డం పెట్టాడు. "కూర్చోండి, కూర్చోండి. మంత్రిగారు మాట్లాడుతుంటే లేస్తారా?"

అందరూ కూర్చున్నారు. వేదిక మీద మైకు ఒక్కటే ఉంది. అధికారులు దాని వైపు తిరిగి చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇన్‌స్పెక్టరు ముందు వరసలో తలూపుతూ వింటున్నాడు.

బాబాయి పోలీసు దగ్గరికి వెళ్ళాడు. "బాబూ, ఎప్పటికి ముగిస్తారండీ?"

"ఆయన ఇష్టం. నన్నడుగుతావేం?"

బాబాయి తిరిగొచ్చి కూర్చున్నాడు. మంత్రిగారు గొంతు పెంచారు. ఒక పెద్ద మాట అని ఆగారు.

"ఇప్పుడు చప్పట్లు కొట్టాలా మరిదీ?" అంది వదిన.

బాబాయి ఒక్క క్షణం చెవి ఒగ్గాడు. "అక్కర్లేదు వదినా. కొడుతున్నారు."

చప్పట్లు హోరెత్తాయి. చాలాసేపు మోగాయి. హాల్లో అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని, అవి ఆగేదాకా మర్యాదగా కూర్చున్నారు.