ఉత్తమ నిరీక్షకుడు

నీటి సరఫరా కార్యాలయం తన నూతన నిరీక్షణ మందిరాన్ని ప్రజలకు అంకితం చేసింది. పనులు ఆలస్యమవుతున్నాయని జనం మొరపెట్టుకోగా, అధికారులు సమస్య లోతుల్లోకి దిగి, కూర్చోవడానికి చోటు లేకపోవడమే అందుకు కారణమని తేల్చారు. మూడు కౌంటర్లలో రెండింటిని పీకేసి ఆ స్థలంలో నలభై మెత్తటి కుర్చీలు వేయించారు. మూడో కౌంటరు గుమాస్తాకు కుర్చీల సంరక్షణ అప్పగించారు.

మన దర్జీ మొదటి రోజు నుంచీ అక్కడే కూర్చుంటున్నాడు. ఇంట్లో కుళాయి కోసం దరఖాస్తు పెట్టి మూడేళ్ళయింది. ఇల్లు మూడో అంతస్తు, పంపు వీధిలో, మధ్యన యాభై నాలుగు మెట్లు. భార్య మోకాళ్ళు రెండూ వాచిపోయాయి. అయినా రోజుకు పన్నెండు బకెట్లు మోస్తుంది. కుళాయి వస్తే ముందు ఏం చేస్తావని ఆయన ఒకసారి అడిగితే, "కాసేపు కూర్చుంటాను" అంది. ఆయనే మోయవచ్చు కదా అంటారేమో, పొద్దున్నే కుళాయి పని మీద వెళ్ళాలి కదా పాపం.

ముప్ఫై ఏళ్ళుగా "రేపు రండి, గుండీలే తరువాయి" అంటూ జనాన్ని తిప్పుకున్న మనిషి కాబట్టి ఆఫీసు భాష ఆయనకు ఇట్టే పట్టుబడింది. "పరిశీలనలో ఉంది" అంటే ఇంకా గుడ్డ కత్తిరించలేదని. "పైకి పంపాం" అంటే గుడ్డే కనిపించడం లేదని. అందుకే ఎన్నడూ విసుక్కోలేదు. ఆ సుగుణం అధికారి కంట్లో పడింది, మందిరం వార్షికోత్సవానికి ఆయనను ఉత్తమ నిరీక్షకుడిగా ఎంపిక చేశారు.

సరిగ్గా ఆ ఉదయమే, ఎవరి పొరపాటు వల్లనో, ఆయన కుళాయి మంజూరైపోయింది. కాగితం చేత్తో పట్టుకుని అధికారి నిజంగానే బాధపడ్డాడు.

"ఇది తీసుకుంటే మీరిక నిరీక్షకులు కారండి. బిరుదివ్వడానికి రూలు ఒప్పుకోదు. తరువాతి జాబితాలో వేయించనా? ఎంతలెండి, ఒక్క ఏడాది."

దర్జీకి భార్య మోకాళ్ళు గుర్తొచ్చాయి. కానీ ఫొటోగ్రాఫరు వచ్చేశాడు, నలభై కుర్చీలూ నిండిపోయాయి. పైగా ఆ ఆఫీసులో ఆయనను ఎవరైనా "మీరు" అనడం మూడేళ్ళలో అదే మొదటిసారి. కాగితం అధికారి చేతిలోనే వదిలేశాడు.

"కుళాయి ఎవరికైనా వస్తుంది, ఓర్పు కొందరికే వస్తుంది" అని అధికారి ప్రసంగించాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

సాయంత్రం పటం కట్టిన ప్రశంసాపత్రంతో ఆయన ఇల్లు చేరేసరికి, అభినందించడానికి ఇరుగుపొరుగు వాళ్ళమంతా మెట్ల మీద చేరి ఉన్నాం. కింద నుంచి భార్య నిండు బకెట్‌తో వస్తోంది.

"మంజూరైందటగా?" అంది ఆవిడ.

"అయింది. వచ్చే ఏడాదికి పెట్టించాను. ఇవాళ నన్ను స్టేజీ ఎక్కించారు."

ఆవిడ పత్రం వంక చూసింది. "బాగుంది. కాస్త జరగండి, చెయ్యి లాగేస్తోంది."

అంత సహనం గల ఇల్లాలు దొరకడం ఆయన అదృష్టమని మేమందరం ముక్తకంఠంతో మెచ్చుకున్నాం. మర్యాద తెలిసినవాళ్ళం కదా, గోడకు ఒదిగి నిలబడి ఆవిడకూ బకెట్‌కూ దారి ఇచ్చాం.